కంప్యూటర్‌లో ‘అనర్హులు’ అని వస్తే: ఏ రికార్డు తప్పో కనిపెట్టి సరిచేయించుకునే దారి

"అమ్మా, నీకు ఇన్‌ఎలిజిబుల్ అని వస్తాంది."

ప్రభుత్వ పథకం కోసం పోయిన గ్రామ సచివాలయం కౌంటర్ దగ్గర ఈ మాట విన్నాక చాలామంది ఇంకేమీ అడగకుండా వెనక్కి తిరుగుతారు. మా ఆదోని, కోసిగి, కౌతాళం వైపు అయితే వాళ్లు ఆ రోజు కూలి పోగొట్టుకుని, ఆటోకు డబ్బులు పెట్టుకుని వచ్చినవాళ్లు. మా చిన్నమ్మ కూడా రెండుసార్లు అట్లాగే తిరిగొచ్చింది. మూడోసారి నేను తోడు పోయి ఒక్క ప్రశ్న అడిగాను: "ఏ కారణం చూపిస్తోంది?" ఆ అబ్బాయి స్క్రీన్ చూసి చెప్పాడు, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందని. చిన్నమ్మ ఉండేది రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇంట్లో. ముందు పోర్షన్ బాడుగకు ఇచ్చింది. అక్కడ ఏసీ నడుస్తుంది. ఆ మీటరు కూడా ఆమె ఆధార్‌కే కట్టి ఉంది. కంప్యూటర్ రెండూ కలిపి కూడింది.

ఆ రోజు నుంచి మా వీధిలో ఎవరికి ఇలాంటి చిక్కు వచ్చినా నేను తోడు పోతున్నాను. పోయిన ప్రతిసారీ అర్థమయిందొకటే. స్క్రీన్ మీద కనిపించే ప్రతి కాలమ్ వెనకా ఒక ఆఫీసు ఉంది. తప్పు ఏ ఆఫీసు రికార్డులో ఉందో అక్కడికే పోవాలి. సచివాలయంలో కూర్చున్నవాళ్లకు అది కనిపిస్తుంది గానీ, మార్చే అధికారం చాలావరకు వాళ్ల చేతిలో ఉండదు.

ఇది ఎందుకిలా జరుగుతుందో కొంచెం తెలిస్తే తిరగడం తగ్గుతుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆఫీసులు ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులు 1998లో, మీసేవ 2011లో, గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబర్ 2న. ఇప్పుడు భూమి, కరెంటు, వాహనం, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా అన్నీ ఆధార్ నంబరుతో ఒకదానికొకటి ముడిపడ్డాయి. దీనివల్ల మేలు చాలా ఉంది, ప్రతిచోటా అవే కాగితాలు పట్టుకుని పోయే బాధ తగ్గింది. కానీ ఒకచోట జరిగిన తప్పు కూడా అంతే వేగంగా మిగతా అన్ని చోట్లకూ పాకుతుంది.

మొదటి అడుగు: కారణం అడిగి రాసుకోండి

సచివాలయానికి పోగానే డిజిటల్ అసిస్టెంట్‌ను గానీ, సంక్షేమ పథకం అయితే వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను గానీ కలవండి. "ఎందుకు రాలేదు" అని అడిగితే "సిస్టమ్ తీసుకోవడం లేదు" అనే జవాబు వస్తుంది. అలా కాకుండా "రిమార్క్స్‌లో ఏ కారణం ఉంది, ఒకసారి చదివి చెప్పండి" అని అడగండి. భూమి అంటే ఏ ఖాతా నంబరు, కరెంటు అంటే ఏ సర్వీస్ నంబరు, బండి అంటే ఏ రిజిస్ట్రేషన్ నంబరు అన్నది కూడా అడగండి. తేదీ, అప్లికేషన్ నంబరు, కారణం, ఈ మూడూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. చదువు రానివాళ్లయితే బడికి పోయే పిల్లను తోడు తీసుకుపోండి.

నా మనసులో మాట ఒకటి చెప్తాను. అనర్హులని తేల్చినప్పుడు ఆ కారణాన్ని తెలుగులో ప్రింటు తీసి మనిషి చేతిలో పెట్టాలి. దానికి కొత్త టెక్నాలజీ ఏమీ అవసరం లేదు, ఉన్న ప్రింటర్ చాలు. అది జరిగేదాకా మనమే అడిగి రాసుకోవాలి.

రెండో అడుగు: మీ ఇంట్లో ఎవరెవరు ఉన్నట్టు రాసుందో చూడండి

దీన్ని హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. పథకాల అర్హత మనిషిని బట్టి కాక కుటుంబాన్ని బట్టి చూస్తారు కాబట్టి ఇది అన్నింటికీ పునాది. పెళ్లయి వేరే ఊరికి పోయిన కూతురు, వేరు కాపురం పెట్టిన కొడుకు ఇంకా మీ కుటుంబంలోనే ఉన్నట్టు రాసి ఉండొచ్చు. ఆ కొడుక్కి ప్రభుత్వ ఉద్యోగం ఉంటే తల్లిదండ్రులకు వచ్చేవి కూడా ఆగిపోతాయి. ఈ ఒక్క రికార్డు మాత్రం సచివాలయం చేతిలోదే. మార్పుకు ఏ కాగితాలు కావాలో అడిగి, సంబంధించిన సభ్యుల వేలిముద్రలతో పని చేయించుకోవాలి. వేరు పడిన కొడుకు కూడా వచ్చి వేలిముద్ర వేయాల్సి రావచ్చు, పండక్కి ఊరికి వచ్చినప్పుడే ఆ పని పెట్టుకోండి.

మూడో అడుగు: ఆరు జల్లెడలు, వాటి వెనక ఆఫీసులు

చాలా పథకాలకు ఒకే రకమైన పరిశీలన నడుస్తుంది. సిక్స్ స్టెప్ అంటారు దీన్ని. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయల లోపు ఉండాలి. భూమి మాగాణి 3 ఎకరాలు, లేదా మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలు మించకూడదు. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, అయితే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్‌లకు మినహాయింపు ఉంది. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఉద్యోగ పింఛను తీసుకునే రిటైరైనవాళ్లు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో అయితే 1,000 చదరపు అడుగులకు మించి సొంత కట్టడం ఉండకూడదు. 2025లో బడి పిల్లల తల్లులకు ఇచ్చే తల్లికి వందనం డబ్బులు వేసినప్పుడు కూడా ఈ కొలతలే చూశారు. పథకాన్ని బట్టి చిన్న తేడాలుంటాయి, కాబట్టి మీ పథకం సంగతి విడిగా కనుక్కోండి.

మా వైపు ఎక్కువమంది ఆగిపోయేది కరెంటు దగ్గర, భూమి దగ్గర.

కరెంటు సంగతి చిన్నమ్మ కథలోనే వచ్చింది. కర్నూలు, అనంతపురం, కడప మూడింటికీ ఏపీఎస్పీడీసీఎల్ కరెంటు ఇస్తుంది. బిల్లు మీద ఉండే సర్వీస్ నంబరును, సచివాలయం వాళ్లు చెప్పిన సర్వీస్ నంబరుతో పోల్చండి. అది మీది కాకపోతే, లేదా బాడుగకున్నవాళ్లదయితే, మీ ఊరి ఎనర్జీ అసిస్టెంట్‌ను కలిసి, కరెంటు శాఖ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆఫీసులో అర్జీ పెట్టండి. ఆ మీటరు నుంచి మీ ఆధార్ తీసేయమని స్పష్టంగా రాయాలి. గత ఏడాది బిల్లులు జతచేస్తే పని తొందరగా అవుతుంది. చిన్నమ్మకు బాడుగ కాగితం లేదు. అది లేనందుకే ఇంకో రెండు వారాలు పట్టింది. ఇల్లు బాడుగకు ఇచ్చేవాళ్లు పదకొండు నెలల ఒప్పందం కాగితం తప్పకుండా రాయించుకోండి. టెలిఫోన్‌లో అడగాలంటే విద్యుత్ శాఖ నంబరు 1912.

భూమికి మొదట మీభూమి సైట్ తెరవండి. జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని సర్వే నంబరు గానీ ఖాతా నంబరు గానీ కొడితే 1-బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పేది), అడంగల్ (ఏ భూమిలో ఏ పంట ఉందో చెప్పేది) కనిపిస్తాయి. ఇక్కడ నాలుగు చూడాలి. మీ పేరు సరిగా ఉందా, విస్తీర్ణం సరిగా ఉందా, మెట్టను మాగాణి అని రాశారా, మీది కాని భూమి మీ ఖాతాలో ఉందా. మూడోది మా ప్రాంతపు బాధ. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూముల్లో రికార్డులో మాగాణి అని ఉంటుంది, నీళ్లు మాత్రం ఎప్పుడో గానీ రావు. నాలుగెకరాల రైతు వానమీద ఆధారపడి పత్తి వేస్తుంటే, రికార్డు ప్రకారం అతను మాగాణి రైతు, 3 ఎకరాలు దాటినవాడు. ఇలాంటిది సరిచేయాలంటే తహసీల్దార్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. వీఆర్వో పొలం చూసి రిపోర్టు రాయాలి. కొన్నేళ్ల అడంగల్‌లో వేసిన పంట ఏమిటో చూపించగలిగితే మీ మాటకు బలం వస్తుంది.

రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అన్నదమ్ముల భూమి అంతా ఒకే నంబరు కింద జాయింట్‌గా పడితే, ఎవరి వాటా ఎంతో కంప్యూటర్‌కు తెలియదు. వేరువేరుగా కావాలంటే అందరూ ఒప్పుకుని, విలేజ్ సర్వేయర్‌తో కొలిపించి, సబ్‌డివిజన్ చేయించుకోవాలి. చనిపోయిన నాన్న పేరు మీదే 1-బీ నడుస్తుంటే దాన్నీ ఇప్పుడే వారసుల పేరు మీదికి మార్పించుకోండి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ లేకుండా ఆ పని మొదలు కాదు.

బండి విషయం చిన్నదే. పాత కారు అమ్మేసి, కొన్నవాడు పేరు మార్చుకోకపోతే ఆ కారు ఇంకా మీదే. అమ్మినప్పుడే సంతకాల కాగితాలు ఆర్టీఏ ఆఫీసుకు చేరేలా చూసుకోవాలి. లోన్ కోసం ఎవరో ఏజెంటు చెప్పాడని ఐటీ రిటర్న్ వేసినవాళ్లు, పన్ను సున్నా అని చూపించే కాగితం దగ్గర ఉంచుకోండి.

నాలుగో అడుగు: పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు

ఆధార్‌లో "లక్ష్మి", పాస్‌బుక్‌లో "లక్ష్మీదేవి", 1-బీలో "బోయ లక్ష్మి". మనిషికి ఇవన్నీ ఒకటే. కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. ముందు ఆధార్ సరిచేసుకుని, మిగతావి దానికి తగ్గట్టు మార్చుకుంటూ పోవాలి. ఒక జాగ్రత్త: ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చడానికి మామూలుగా వీలుంటుంది. తొందరపడి ఆ ఒక్క అవకాశాన్ని తప్పు తేదీతో పోగొట్టుకోకండి. పిల్లలకు అయిదేళ్లు, పదిహేనేళ్లు నిండినప్పుడు వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి. ఆధార్ సమస్యలకు 1947.

అర్హత వచ్చి, డబ్బులు మాత్రం పడలేదంటే ఎక్కువసార్లు తప్పు బ్యాంకు దగ్గర ఉంటుంది. మన వాళ్లకు మూడు నాలుగు ఖాతాలుంటాయి. ప్రభుత్వం వేసే డబ్బు మీరు రాసిచ్చిన ఖాతాకు కాకుండా, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థ రికార్డులో ఆధార్‌కు చివరగా లింకయిన ఖాతాకు పోతుంది. ఎప్పుడో డ్వాక్రా కోసమో, ఉపాధి కూలి కోసమో తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఆ డబ్బు భద్రంగా పడి ఉండొచ్చు. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకుకు లింకయిందో కనిపిస్తుంది. మార్చాలంటే మీకు కావలసిన బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వాలి. "కేవైసీ చేశాం కదా" అని బ్యాంకులో అంటారు. కేవైసీ అంటే ఖాతాదారు ఎవరో సరిచూసుకోవడం. అది వేరు, ఎన్‌పీసీఐ లింకు వేరు. ఆ మాట పట్టి అడగండి.

అయిదో అడుగు: సుగ్గికి పోకముందే చేసుకోవాల్సినవి

మా పడమటి మండలాల నుంచి పంటలయ్యాక ఊళ్లకు ఊళ్లు గుంటూరు వైపు మిరపకాయల కోతకు, కొందరు బెంగళూరుకు పోతారు. దీన్నే సుగ్గికి పోవడం అంటాం. మూడు నాలుగు నెలలు ఇళ్లకు తాళాలుంటాయి. ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం) గడువులు ఆ నెలల్లో వచ్చిపోతే ఎవరికీ తెలియదు. నాకు అన్నింటికంటే బాధ కలిగించేది ఇదే. పని కోసం ఊరు విడిచినవాడు ఊళ్లో లేనందుకే నష్టపోతాడు. అందుకే బండి ఎక్కే ముందు ఈ పనులు ముగించండి.

ఈ-పంట నమోదు, అంటే మీరు వేసిన పంటను ప్రభుత్వ రికార్డులో ఎక్కించడం, అయిందా లేదా చూసుకోండి. అగ్రికల్చర్ అసిస్టెంట్ పొలంలో ఫోటో తీసుకున్నంత మాత్రాన పని అయిపోదు, రైతు సేవా కేంద్రంలో మీరు ఈకేవైసీ ఇవ్వాలి. తర్వాత అక్కడ జాబితా అంటిస్తారు. సర్వే నంబరు, పంట పేరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో చదివించుకోండి. బీమాకు, నష్టపరిహారానికి, మద్దతు ధరకు అదే ఆధారం. పత్తిని కేంద్ర ప్రభుత్వ కొనుగోలు సంస్థ సీసీఐకి అమ్మాలంటే 2025-26 సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదై, స్లాట్ ఉండాలి. కౌలుకు చేసేవాళ్లు కౌలు కార్డు తీసుకోండి. దానికి 2019 చట్టం ప్రకారం భూమి యజమాని సంతకం కావాలి, కార్డు పదకొండు నెలలే చెల్లుతుంది. యజమాని సంతకం పెట్టడానికి భయపడితే, ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదని వీఆర్వో చేత చెప్పించండి.

రేషన్ కార్డులో అందరి ఈకేవైసీ అయిందో లేదో డీలర్ దగ్గర కనుక్కోండి. బియ్యం కోసం ఊరికి రావాల్సిన పని లేదు. పోయిన చోటే ఏ రేషన్ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, వేరే రాష్ట్రంలో కూడా.

ముసలివాళ్లు వెంట వస్తుంటే పింఛను లెక్క గుర్తుంచుకోండి. 2024 డిసెంబర్ నుంచి రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తున్నారు. మూడో నెలలో కూడా రాకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కేసి ఆపేస్తారు. కాబట్టి మూడో నెల ఒకటో తేదీకి ఊళ్లో ఉండేలా చూసుకోవాలి.

పిల్లల విషయం ముఖ్యం. తల్లికి వందనానికి 75 శాతం హాజరు కావాలి. తల్లిదండ్రులతో పాటు పిల్లలూ పోతే హాజరూ పోతుంది, చదువూ పోతుంది. మా వైపు బడుల్లో వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. మీ మండలంలో ఈ ఏడాది ఎక్కడ తెరుస్తున్నారో బయలుదేరే ముందే హెడ్‌మాస్టర్‌ను అడగండి.

మిరపకాయలు కోసి కోసి వేలి గీతలు అరిగిపోయినవాళ్లకు మిషన్ ముద్ర తీసుకోదు. అప్పుడు "రావడం లేదు" అని వదిలేయకండి. చాలా సేవల్లో కనుపాప, ముఖం, ఓటీపీ దారులు కూడా ఉన్నాయి, వాటితో చేయమని అడగండి. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు లింకయిన ఫోన్ నంబరు బతికి ఉండాలి. సిమ్ మార్చిన ప్రతిసారీ ఆధార్‌లో నంబరు మార్చుకోండి.

ఆరో అడుగు: వాట్సాప్‌లో అయ్యే పనికి ఊరు కదలొద్దు

2025 జనవరి 30న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నంబరు 9552300009. దాన్ని సేవ్ చేసుకుని వాట్సాప్‌లో హాయ్ అని పంపితే తెలుగులోనే అడుగుతుంది. మొదట 161 సేవలతో మొదలైంది. సర్టిఫికెట్ల అప్లికేషన్లు, కరెంటు బిల్లు, ఆర్టీసీ టికెట్టు, హాల్ టికెట్టు, ఫిర్యాదు అన్నీ అందులో ఉన్నాయి. అప్లికేషన్ ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి ఇది బాగా పనికొస్తుంది.

అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "పీఎం కిసాన్ డబ్బులు", "కరెంటు కట్ అవుతుంది" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) పంపి, నొక్కగానే ఖాతా ఖాళీ చేసే ముఠాలు తిరుగుతున్నాయి. ప్రభుత్వం వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపదు. ఫోన్ చేసి ఓటీపీ అడగదు. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలో చెప్తే డబ్బును దారిలోనే ఆపే అవకాశం ఎక్కువ.

ఏడో అడుగు: సోమవారం అర్జీ

రికార్డు ఎవరి చేతిలో ఉందో కనుక్కుని, అక్కడ అర్జీ పెట్టినా కదలకపోతే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోవాలి. ప్రతి సోమవారం మండలంలో, డివిజన్‌లో, కలెక్టరేట్‌లో ఉంటుంది. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. అర్జీ మొదట మండలంలోనో, ఆదోని సబ్‌కలెక్టర్ ఆఫీసులోనో ఇవ్వండి. మీకోసం సైట్‌లో ఇంటి నుంచి కూడా పెట్టొచ్చు, స్థితి తెలుసుకోవడానికి 1100.

అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఒక అర్జీలో ఒకే సమస్య. మూడు సమస్యలు ఒకే కాగితంలో రాస్తే అది ఒక శాఖకే పోతుంది, మిగతా రెండూ పట్టించుకునేవాళ్లు ఉండరు. "నాకు అన్యాయం జరిగింది, న్యాయం చేయండి" అని రాసినదానికన్నా, "ఫలానా సర్వీస్ నంబరుకు నా ఆధార్ తప్పుగా లింకయింది, తొలగించండి, ఫలానా తేదీన ఏఈ ఆఫీసులో ఇచ్చిన అర్జీ నకలు జతచేశాను" అని రాసినది పనిచేసే అధికారికి దారి చూపిస్తుంది. రసీదు మీద నంబరు ఉంటుంది, అది లేకుండా కదలకండి.

పని కాకుండానే "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తే కంగారుపడొద్దు. అర్జీని మళ్లీ తెరిపించే వీలుంది. రీఓపెన్ చేయమని అడిగి, ఎందుకు కాలేదో ఒక్క వాక్యంలో రాయించండి. ప్రభుత్వం నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తే, కట్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఎనిమిదో అడుగు: సమాచార హక్కు

అంతా చేసినా కారణమే చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం మిగిలి ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు. పేదరికపు రేఖ దిగువన ఉన్నవాళ్లు ఆ రుజువు జతచేస్తే ఆ ఫీజూ కట్టక్కర్లేదు. తెల్ల కాగితం మీద తెలుగులోనే, ఆ ఆఫీసు పౌర సమాచార అధికారికి రాయండి. "ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే జవాబు దాటవేయొచ్చు. కాబట్టి కాగితం అడగండి:

"నా అప్లికేషన్ నంబరు ఫలానా. దీన్ని తిరస్కరించిన ఉత్తర్వు నకలు, తిరస్కరణకు ఆధారమైన రికార్డు నకలు, ఈ దరఖాస్తు మీద ఏ తేదీన ఏ అధికారి ఏమి రాశారో ఆ నోట్ నకలు ఇప్పించగలరు."

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది అరకొరగా ఉన్నా, అదే శాఖలో పై అధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయొచ్చు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు చేతికిస్తే నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. స్పీడ్ పోస్టులో పంపితే ఆ రసీదును, రాసుకున్న నోటుబుక్కును, అర్జీల నకళ్లను ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. మీరు సుగ్గిలో ఉన్నప్పుడు జవాబు వస్తే, ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఆ కవరు తీసుకుని ఆఫీసుకు పోగలగాలి.